ఒడిశాలోని పర్లాకిమిడి ఆసుపత్రికి మేనేజరుగా వస్తున్నారా?

పాతపట్నం దాటి పర్లాకిమిడిలో దిగగానే మనవాళ్లకి ధైర్యం వస్తుంది, బజారులో తెలుగు వినిపిస్తుంది కదా అని. వార్డులో ఆ ధైర్యం చాలదు. స్టాఫ్ నర్సుది ఒడియా కావచ్చు, ఆయా ఇంట్లో గిరిజన భాష సవర మాట్లాడుతుండొచ్చు. మీరు చెప్పిన మాట రెండు మూడు భాషలు దాటి రోగి మంచం దగ్గరికి చేరాలి.

ఏం చెప్పినా 'ఆజ్ఞా' అంటారు. మన చెవికి అది పని అయిపోయినట్టే వినిపిస్తుంది. నిజానికి అది మన 'అండీ' లాంటి మర్యాద మాట. 'హఉ' అన్నా సరేనని మాత్రమే. "అర్థమైందా?" అని అడిగితే కాలేదని ఎవరూ అనరు. "ఇప్పుడు ఏం చేస్తావో ఒకసారి చెప్పమ్మా" అనండి.

వచ్చిన కొత్తలో నేను "కాలి ఆపరేషన్ రిపోర్టులు చూడు" అని సిస్టర్‌కి చెప్పి వెళ్లిపోయాను. ఒడియాలో కాలి అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. పాపం, ఆవిడ నిన్నటివన్నీ వరసగా సర్ది పెట్టింది. మర్నాడు థియేటర్ దాకా వచ్చిన పెద్దాయనకి రక్తపరీక్షే చేయలేదు. అందరి ముందూ అరిచాను. తప్పు నాది. ఆ తర్వాత చాలా రోజులు ఏ ఇబ్బందీ ఆవిడ నా దాకా తేలేదు. పరీక్ష మళ్లీ చేయించుకోవచ్చు, ఆ నోరు మళ్లీ తెరిపించడమే కష్టమైంది. అప్పట్నుంచీ తేదీ, టైము బోర్డు మీద 1, 2, 3 అంకెల్లోనే రాస్తున్నాను.

వాట్సాప్ గ్రూపు పెట్టి ఊరుకోకండి, ఆయాల్లో కొందరివి బటన్ ఫోన్లు. షిఫ్ట్ మారేటప్పుడు నిలబడే పది నిమిషాలు మాట్లాడండి, స్వీపర్‌నీ పిలవండి. బాత్రూంలో జారిపడబోయిన రోగి సంగతి ముందు తెలిసేది వాళ్లకే.

గిడుగు రామమూర్తి పంతులు ఈ ఊళ్లో మాస్టారుగా ఉంటూనే సవర నేర్చుకుని నిఘంటువు దాకా వెళ్లారు. మనకంత ఓపిక లేకపోయినా "నొప్పి ఎక్కడ?" అనడం ఆయా దగ్గర నేర్చుకోవచ్చు. ఆశా కార్యకర్తని 'దీదీ' అనండి, పేరు పెట్టి కేకేయకండి.

ఇంకోటి, మార్గశిర గురువారాల్లో పొద్దున్నే మీటింగ్ పెట్టకండి. ఒడియా ఆడవాళ్లకి ఇంట్లో మాణబసా అనే లక్ష్మీపూజ ఉంటుంది. జూన్ మధ్యలో మూడు రోజులు జరిగే ఒడియా ఆడవాళ్ల పండగ రజకి డ్యూటీ చార్ట్ మీరొక్కరే వేయకుండా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో కూర్చుని వేయండి.