మొదటి సీజన్ బైక్ రేసింగ్: బండిని అనుమానించే ముందు ఇవి చూసుకోండి

నల్గొండలో బండిని బొలెరోలో ఎక్కించి, మిర్యాలగూడ మీదుగా అద్దంకి రోడ్డు పట్టి, ఒంగోలు, నెల్లూరు దాటి చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు వెళ్లేవాళ్లం. 3.7 కిలోమీటర్ల ట్రాక్, 12 మలుపులు. ల్యాప్ టైం తగ్గనప్పుడల్లా మొదట ఇంజిన్‌నే అనుమానించేవాణ్ని. సీజన్ అయ్యాక నా నోట్‌బుక్ తిరగేస్తే, ఇంజిన్ వల్ల వచ్చిన సమస్య ఒక్కటీ లేదు.

మలుపులో బండి బయటికి పోతోంది

చాలాసార్లు కారణం టైరు కాదు, మన చూపు. మన రోడ్ల మీద గుంత ఉందా, స్పీడ్ బ్రేకర్ ఉందా, బర్రె అడ్డమొస్తుందా అని ముందు చక్రానికి నాలుగు గజాల దూరంలోనే చూస్తూ పెరిగాం. ఊళ్లో ఆ అలవాటే మనల్ని కాపాడింది. ట్రాక్ మీద మాత్రం అదే ముంచుతుంది. కన్ను ఎటుంటే బండి అటే పోతుంది. అంచున గడ్డిని చూశారంటే గడ్డిలోకే.

బ్రేకు వేసే చోటుకు రాగానే చూపు మలుపు లోపలి అంచు మీద పెట్టండి. అక్కడికి చేరేలోపే చూపు బయటపడే చోటుకు వెళ్లిపోవాలి. కళ్లు తిప్పితే చాలదు, గడ్డం కూడా తిరగాలి. దీన్ని ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు. ఖాళీ మైదానంలో రెండు నీళ్ల సీసాలు పెట్టి, లైసెన్స్ టెస్టులో వేసిన ఎనిమిదే మెల్లగా వేయండి. ఈ సాధన హైవే మీద మాత్రం వద్దు తమ్ముళ్లూ. అక్కడ మలుపు అవతల లారీ ఉంటుంది.

బ్రేకు వేస్తే వెనుక చక్రం అటూ ఇటూ కొట్టుకుంటోంది

బండి నేర్పేటప్పుడు మా నాయిన ఒకటే చెప్పాడు: "ముందు బ్రేకు పట్టకు బిడ్డా, ఎగిరి పడతవ్." కంకర రోడ్డు మీద అది నిజమే. ట్రాక్ మీద గట్టిగా ఆపినప్పుడు బరువంతా ముందుకొచ్చి వెనుక చక్రం తేలికవుతుంది. అప్పుడు కాలి బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని జారుతుంది. గేరు తగ్గించి క్లచ్ ఒక్కసారిగా వదిలినా అంతే.

ముందు బ్రేకు లివర్‌ను బత్తాయి పిండినట్టు పట్టాలి. మొదట రెండు వేళ్లతో లూజు తీయండి, ఫోర్కులు (ముందు షాకులు) దిగి టైరును నేలకు అదిమేదాకా ఒక్క క్షణం ఆగండి, ఆ తర్వాత బలం పెంచండి. బండి వంగుతున్న కొద్దీ అంతే మెల్లగా వదలండి.

బ్రేకు లివర్ మెత్తగా అయిపోతోంది

ఒకసారి స్ట్రెయిట్ చివర నా లివర్ హ్యాండిల్ దాకా వచ్చేసింది, ట్రాక్ దాటిన బండ్లు ఆగడానికి వదిలే ఖాళీ జాగా, రన్ ఆఫ్‌లోకి పోయి ఆగాను. బ్రేక్ ఆయిల్ రెండేళ్లది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వేడిని తట్టుకోవాలి, తేమ పట్టాక కనీస ప్రమాణం 155 డిగ్రీలే. ఆయిల్ మరిగితే బుడగలొస్తాయి. బుడగలు నలుగుతాయే గానీ ప్యాడ్లను నెట్టవు. ప్రతి రేసుకు ముందు సీలు తీయని డబ్బాతో ఆయిల్ మార్చి, గాలి తీయించండి. పాత డబ్బాలో మిగిలినది పోయొద్దు.

నాలుగు ల్యాపులకే ముంజేతులు బిగుసుకుపోతున్నాయి

హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నారు. మోకాళ్లతో ట్యాంకును బిగించి పట్టండి. స్ట్రెయిట్‌లో మోచేతులు కోడి రెక్కల్లా ఆడించి చూడండి. ఆడకపోతే బరువు చేతుల మీదే ఉన్నట్టు.

మొదట బాగుండి, తర్వాత టైరు జారుతోంది

తెల్లవారి చల్లటి టైరులో పట్టిన గాలి, ట్రాక్ వేడికి పెరుగుతుంది. సొంత గేజ్ కొనుక్కోండి. బయల్దేరే ముందు ఒకసారి, పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండి ఆపి సరిచూసుకునే చోటుకు) రాగానే ఇంకోసారి కొలిచి, ఎండ ఎంతుందో కూడా రాసి పెట్టండి. వేడి మీద ఎంత ఉండాలో టైరు కంపెనీ చెప్పిన లెక్కతో పోల్చుకోండి.

రేసు ముందు తనిఖీలో బండిని తిప్పి పంపారు

రూల్ బుక్ చదవకపోవడమే కారణం. ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు, అది ఊడిపోకుండా కట్టే లాక్ వైర్ ఉందా? రేడియేటర్‌లో కూలెంట్ బదులు మంచినీళ్లు పోయమన్నారా? ఇవి ఇంటి దగ్గరే అయిపోవాలి. ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసింగ్‌ను నడిపే సమాఖ్య) ఇచ్చే లైసెన్స్ పని కూడా నెల ముందే చూసుకోండి.

జెండా చూడలేదని శిక్ష పడింది

పసుపు ఊపుతుంటే ఓవర్‌టేక్ చేయకూడదు. పసుపు మీద ఎర్ర చారలుంటే నేల జారుతుందని. నల్ల జెండాలో నారింజ గుండ్రం, మీ నంబరు కనిపిస్తే మీ బండిలోనే లోపం ఉంది, వెంటనే పక్కకు రండి. ప్రాక్టీస్ మొదటి ల్యాపులో జెండాలు ఊపే మార్షల్స్ ఎక్కడ నిలబడ్డారో చూడటానికే వెళ్లండి.

పడ్డాక తల బరువుగా ఉంది

ఇందులో మొహమాటం వద్దు. డాక్టర్ చూసేదాకా బండి ఎక్కొద్దు. హెల్మెట్ పైన గీతే ఉన్నా, లోపలి థర్మకోల్ ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. దాన్ని కోసేసి పారేయండి. ఇంట్లో ఉంచితే ఏదో ఒకరోజు మీ తమ్ముడు పెట్టుకుని మిర్యాలగూడ పోతాడు.