నాగావళి ఒడ్డు పంప్‌హౌస్ నుంచి ఊరి ట్యాంకు దాకా: ఇండస్ట్రియల్ వైర్‌లెస్ రేడియో బిగించడం ఎలా?

శ్రీకాకుళం జిల్లాలో వైర్‌లెస్ లింకుకు అసలు పరీక్ష అక్టోబరులో జరుగుతుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడు తుపాన్లూ అక్టోబరు రెండో వారంలోనే తీరం దాటాయి. ఏప్రిల్ ఎండలో సిగ్నల్ నిండుగా కనబడటం గొప్ప కాదు. ఆ గాలికీ ఆ తడికీ లింకు నిలబడాలి. కింద చెప్పిన కొలతలన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. నాగావళి ఒడ్డున పంప్‌హౌస్, 3 కిలోమీటర్ల అవతల ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు. ట్యాంకులో నీటిమట్టాన్ని బట్టి మోటారు దానంతటదే ఆన్, ఆఫ్ కావాలి. రెండు చోట్లా పీఎల్‌సీలు (సెన్సరు చెప్పినదాన్ని బట్టి మోటారును నడిపే చిన్న ఇండస్ట్రియల్ కంప్యూటర్లు) ఉన్నాయి. మధ్యలో పొలాలు, కాలువ, రోడ్డు ఉన్నాయి కాబట్టి కేబుల్ లాగే వీలు లేదు. పైడిభీమవరంలో రెండు షెడ్లు కలపాలన్నా, పలాసలో జీడి గోదాముకు కెమెరా పెట్టాలన్నా పద్ధతి ఇదే, దూరమే మారుతుంది.

1. ముందు దారి చూడండి

పంప్‌హౌస్ మీద నిలబడితే ట్యాంకు కనబడింది కదా, చాలనుకోకండి. రేడియో తరంగం సన్నటి దారంలా పోదు. పొందూరు రాట్నం మీద నూలు చుట్టిన కదురు చూశారుగా, అలా రెండు కొసల్లో సన్నగా, నడుమ లావుగా ఉంటుంది. దీన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర 3 కిలోమీటర్ల లింకుకు నడిమధ్యలో దాని వ్యాసార్థం 6.2 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే చూపు గీత కింద 3.7 మీటర్ల మేర ఏ అడ్డూ ఉండకూడదు. లెక్కకు 4 మీటర్లు అనుకోండి.

ఇక్కడ అందరూ మరిచిపోయేది సరుగుడు తోట. ఈ రోజు ఆరు మీటర్లున్న తోట ఏడాదికి రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. లింకు పెట్టిన రెండేళ్లకు సిగ్నల్ మెల్లమెల్లగా పడిపోతుంటే రేడియో పాడైందని మారుస్తారు, కానీ పెరిగింది చెట్లు. అందుకే తోట ఇవాళ్టి ఎత్తు కాదు, నరికే నాటి ఎత్తు లెక్క వేయండి. దాన్ని 15 మీటర్లు అనుకుంటే, మధ్యలో గీత 19 మీటర్ల మీదుగా పోవాలి. నేల సమంగా ఉండి, ట్యాంకు మీద యాంటెన్నా 22 మీటర్ల ఎత్తులో ఉంటే, పంప్‌హౌస్ దగ్గర 16 మీటర్లు కావాలి. ఈ లెక్క తేలకుండా సామాను కొనకండి. గూగుల్ ఎర్త్‌లో రెండు చోట్ల మధ్య గీత గీసి ఎలివేషన్ ప్రొఫైల్ చూస్తే నేల ఎత్తుపల్లాలు తెలుస్తాయి, చెట్లు తెలియవు. వాటి కోసం ఆ గీత వెంట ఒకసారి బండి మీద తిరిగి రావాల్సిందే.

అంత ఎత్తు కుదరకపోతే 865–867 మెగాహెర్ట్జ్ రేడియో వైపు చూడండి. వేగం చాలా తక్కువ, కెమెరాకు పనికిరాదు. నీటిమట్టం, మోటారు స్థితి లాంటి కొద్దిపాటి డేటాకు మాత్రం చాలు. ఆకుల్లోంచి 5.8 కన్నా ఎంతో బాగా వెళుతుంది. ఈ బ్యాండుకూ, 5.725–5.875 గిగాహెర్ట్జ్ బ్యాండుకూ మన దేశంలో విడిగా లైసెన్సు అక్కర్లేదు, పవర్ పరిమితి మాత్రం ఉంది. పరికరానికి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కు ప్రభుత్వ ఆమోదం) ఉందో లేదో కొనేముందే అడగండి.

2. సామాను

23 డీబీఐ (సిగ్నల్‌ను ఒకే దిక్కుకు కూడగట్టే బలానికి కొలత) డిష్ ఉన్న రేడియోలు రెండు, వాటి పీవోఈ ఇంజెక్టర్లు (డేటా కేబుల్‌లోంచే రేడియోకు కరెంటు పంపేవి), ఎండకు తట్టుకునే బయటి వాడకం షీల్డెడ్ క్యాట్6 కేబుల్, లోహపు కవచం ఉన్న ఆర్‌జే45 కనెక్టర్లు, ఈథర్‌నెట్ సర్జ్ ప్రొటెక్టర్లు నాలుగు (ప్రతి కేబుల్‌కు పైన ఒకటి, కింద ఒకటి), సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు. సముద్రానికి దగ్గరైతే బోల్టులు, క్లాంపులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తీసుకోండి. మామూలు జింకు పూత బోల్టు ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. తర్వాత డిష్‌ను కదపాలంటే కోయాల్సి వస్తుంది.

కేబుల్ కొనేటప్పుడు ఒక చిన్న పని చేయండి. లోపలి తీగ ఒకటి తీసి బ్లేడుతో గీకండి. గీకిన చోట తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వెనక్కి ఇచ్చేయండి. 50, 60 మీటర్ల పొడవులో దానిమీద వోల్టేజీ బాగా పడిపోతుంది. పగలు నడిచిన రేడియో సాయంత్రం వోల్టేజీ తగ్గగానే రీస్టార్ట్ అవుతుంటుంది. కేబుల్ ఏదైనా 100 మీటర్లు దాటకూడదు.

3. సెట్టింగులన్నీ బల్ల మీదే

టవర్ ఎక్కాక ల్యాప్‌టాప్ తెరవడం అంటే పని రెండింతలు చేసుకోవడమే. రెండు రేడియోలనూ ఒకే గదిలో పెట్టి, పవర్ అన్నిటికన్నా తక్కువకు దించి, డిష్‌లు ఎదురెదురుగా కాకుండా పక్కకు తిప్పి ఉంచండి. దగ్గర్లో ఫుల్ పవర్ పెడితే రిసీవర్ ఉక్కిరిబిక్కిరై తప్పుడు రీడింగులు ఇస్తుంది.

మొదట ఫర్మ్‌వేర్ రెండింటిలో ఒకటే ఉండేలా అప్‌డేట్ చేసి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. దేశం ఇండియా అని ఎంచుకోండి. ఆపరేటర్ ఉండే వైపు రేడియోను యాక్సెస్ పాయింట్‌గా, అవతలిదాన్ని దానికి కలిసే స్టేషన్‌గా, రెండూ ట్రాన్స్‌పరెంట్ బ్రిడ్జ్‌లో (మధ్యలో కేబుల్ ఉన్నట్టే డేటా దాటించే పద్ధతి) పెట్టండి. ఐపీలు వరసగా ఉంటే గుర్తుంటాయి: రేడియోలకు 192.168.10.11, 12, పీఎల్‌సీలకు 21, 22. సెక్యూరిటీ కనీసం డబ్ల్యూపీఏ2 ఏఈఎస్. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. వెడల్పు పెంచితే వేగం పెరుగుతుంది, ఇతరుల రొద కూడా అంతే లోపలికొస్తుంది. నీటిమట్టం పంపడానికి ఆ వేగంతో పనేముంది? చానల్ ఆటోలో వదలకండి, సైట్‌లో స్కాన్ చేసి ఖాళీగా ఉన్నది మీరే పెట్టండి. దూరం గడిలో 3 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ రాయండి. తక్కువ రాస్తే జవాబు వచ్చేలోపే రేడియో మళ్లీ పంపడం మొదలుపెట్టి వేగం కుప్పకూలుతుంది.

పవర్ విషయంలో లెక్క ముఖ్యం. ఈ బ్యాండులో యాంటెన్నా నుంచి బయటికి వెళ్లే మొత్తం 36 డీబీఎం, అంటే 4 వాట్లు దాటకూడదు. డిష్ 23 ఇస్తుంది కాబట్టి రేడియోలో 13 డీబీఎం పెట్టాలి. 3 కిలోమీటర్ల దారిలో నష్టం 117 డెసిబెల్స్. 36లోంచి 117 తీసి, అవతలి డిష్ ఇచ్చే 23 కలిపితే మైనస్ 58 డీబీఎం వస్తుంది, అవతల అందాల్సిన సిగ్నల్ ఇదే. ఈ అంకెను కాగితం మీద రాసుకోండి, పైన గురి పెట్టేటప్పుడు ఇదే దారి చూపిస్తుంది.

పీఎల్‌సీలు కూడా కలిపి ఒక రాత్రంతా బల్ల మీదే నడవనివ్వండి. మోడ్‌బస్ (పీఎల్‌సీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) టైమౌట్, అంటే జవాబు కోసం ఆగే సమయం, కేబుల్ మీద పెట్టినంత తక్కువ కాకుండా 3 సెకన్లు పెట్టండి.

4. స్తంభం, ఎర్తింగ్

16 మీటర్ల ఎత్తుకు ఒంటి పైపు పనికిరాదు. పంప్‌హౌస్ పక్కన నేల మీద కాంక్రీటు దిమ్మ వేసి ట్రయాంగిల్ లాటిస్ మాస్టు నిలబెట్టాలి. మూడు దిక్కులా, మూడు ఎత్తుల్లో స్టే వైర్లు కట్టి, వాటి లంగర్లు అడుగు నుంచి కనీసం 8 మీటర్ల దూరంలో పాతండి. విశాఖ తీరానికి ప్రమాణాలు చెప్పే మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఫ్యాబ్రికేటర్‌కు ఆ అంకె ఇచ్చి డిజైన్ చేయించండి. 11 కేవీ లైను మాస్టు ఎత్తుకన్నా దూరంగా ఉండాలి. పడితే లైను మీద పడకూడదు. పైకెక్కేవారికి నిండు హార్నెస్ తప్పనిసరి, కింద ఇంకో మనిషి ఉండాలి.

ట్యాంకు దగ్గర గోడకు రంధ్రాలు చేయకండి, రెయిలింగ్‌కు క్లాంపు వేయండి. పై మూత దగ్గర పెట్టకండి, అక్కడి నుంచి వచ్చే క్లోరిన్ ఆవిరి కనెక్టర్లను తినేస్తుంది.

40 మిల్లీమీటర్ల జీఐ పైపు 2.5 మీటర్లు దించి, బొగ్గు, ఉప్పు పోసి ఎర్త్ పిట్ చేయండి. మీటరుతో కొలిస్తే 5 ఓంల లోపు రావాలి. మాస్టు ఎర్తు, ప్యానెల్ ఎర్తు రెంటినీ కింద తప్పకుండా కలపండి. విడివిడిగా వదిలేస్తే పిడుగు దగ్గర్లో పడినప్పుడు రెంటి మధ్య తేడా వోల్టేజీ కేబుల్ గుండా, పీఎల్‌సీ పోర్టు గుండా ప్రయాణిస్తుంది.

కనెక్టర్‌కు టేపు చుట్టేటప్పుడు తాటాకు ఇల్లు కప్పే తీరు గుర్తు చేసుకోండి. కింది వరస ముందు, దాని మీద పై వరస. టేపును రెండింతలు సాగదీసి, కింద మొదలుపెట్టి సగం సగం ఎక్కిస్తూ పైకి రండి. పైనుంచి కిందికి చుడితే ప్రతి మడతా నీటిని పట్టే దోసిలి అవుతుంది. రేడియోలోకీ ప్యానెల్‌లోకీ పోయేముందు కేబుల్‌ను కిందికి ఒక మెలిక వేలాడదీయండి, నీటిబొట్టు అక్కడే రాలిపోతుంది. ప్యానెల్‌లోకి కేబుల్ అడుగు వైపు నుంచే రావాలి. ఖాళీ రంధ్రాలు మూసేయండి, బల్లులూ చీమలూ అక్కడే కాపురం పెడతాయి. కోతులున్న ఊరైతే కేబుల్ మొత్తం హెచ్‌డీపీఈ పైపులో వేయండి.

5. కరెంటు

రేడియోకు మోటారు స్టార్టరు ప్యానెల్ నుంచి కరెంటు తీయకండి. మోటారు ఎత్తుకునే క్షణంలో వోల్టేజీ పడి రేడియో ఆగిపోతుంది. లింకు పోయిందని పీఎల్‌సీ మోటారు ఆపుతుంది, లింకు రాగానే మళ్లీ ఎత్తుతుంది. ఇలా గంటకు పదిసార్లు జరిగితే మోటారు వైండింగ్ కాలిపోతుంది. వేరే ఎంసీబీ, 90–264 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (వోల్టేజీ ఎగుడుదిగుడులను తట్టుకునే పవర్ సప్లై), చిన్న బ్యాటరీ పెట్టండి. పెద్ద బ్యాటరీ ట్యాంకు వైపే కావాలి. పంప్‌హౌస్‌లో కరెంటు లేకపోతే మోటారూ తిరగదు. ట్యాంకు ఫీడర్ పోయి పంప్‌హౌస్ ఫీడర్ ఉంటేనే చిక్కు. ట్యాంకు దగ్గర 12 వోల్టులు, 18 ఏహెచ్ బ్యాటరీలు రెండు పెడితే 15 వాట్ల లోడు దాదాపు ఒక రోజు లాగుతుంది.

6. గురి పెట్టడం

రెండు వైపులా ఇద్దరు, చేతిలో ఫోన్లు. ఒకరు కదిపేటప్పుడు రెండోవారు ముట్టుకోకూడదు. డిష్‌ను అడ్డంగా, ఒక్కో డిగ్రీ చొప్పున, రెండు మూడు సెకన్లు ఆగుతూ తిప్పండి. సిగ్నల్ పెరిగి తగ్గి మళ్లీ పెరిగి, ఇలా మూడు శిఖరాలు కనబడతాయి. నడిమిదే అసలైంది. పక్క శిఖరం మీద ఆగినా లింకు కలుస్తుంది, అదే పెద్ద మోసం. మైనస్ 58 రావాల్సిన చోట మైనస్ 75 వస్తే పక్క లోబ్ (పక్క శిఖరం) మీద ఉన్నారనో, పోలరైజేషన్ (తరంగం నిలువుగానా అడ్డంగానా అన్నది) తేడా ఉందనో, అడ్డేదో ఉందనో అర్థం. లెక్కకు 5 డెసిబెల్స్ లోపు వస్తే సరి. రెండు చైన్ల (రేడియోలోని రెండు సిగ్నల్ దారుల) మధ్య తేడా 4 డెసిబెల్స్ దాటకూడదు. అడ్డం అయ్యాక నిలువు కూడా ఇలాగే చేయండి. బోల్టులు ఒకటి పూర్తిగా బిగించేయకుండా వంతులవారీగా బిగించాలి, అప్పటికీ రీడింగు చూస్తూనే ఉండాలి. ఆఖరి బిగింపులోనే డిష్ కదులుతుంది.

7. లింకు తెగితే మోటారు ఏం చేయాలి?

ప్రాణం లాంటి విషయం ఇది. లింకు తెగినా పంప్‌హౌస్ పీఎల్‌సీలో పాత అంకె అలాగే నిలిచిపోతుంది. ట్యాంకు సగమే ఉందని అది నమ్ముతూ మోటారు తిప్పుతూనే ఉంటుంది, అవతల ట్యాంకు పొర్లిపోతుంది. అందుకే ట్యాంకు పీఎల్‌సీ రెండు సెకన్లకోసారి ఒక లెక్కింపు అంకె పెంచి పంపాలి. ఆ అంకె 30 సెకన్లు మారకపోతే మోటారు ఆగి, అలారం మోగాలి. ఆగిన మోటారు మళ్లీ ఎత్తడానికి కనీసం 10 నిమిషాల విరామం పెట్టండి. సెట్ చేశాక ట్యాంకు రేడియో కేబుల్ చేత్తో పీకి, మోటారు ఆగిందో లేదో కళ్లతో చూడండి.

వానలో పోతుంటే

3 కిలోమీటర్లలో ఈ ఫ్రీక్వెన్సీకి జడివాన తీసుకునేది రెండు మూడు డెసిబెల్సే. వాన మొదలవగానే 15 పడిందంటే తప్పు వానది కాదు, తడిసిన ఆకులు దారిలోకి వచ్చాయి. వాన వెలిశాక కూడా గంటలకొద్దీ బాగుపడకపోతే కనెక్టర్‌లో నీరుంది. విప్పి చూస్తే పిన్నులు ఆకుపచ్చగా కనబడతాయి, తుడిచి వాడకండి, కోసి కొత్తది వేయండి. ఈదురుగాలికి అంకె పైకీ కిందికీ ఊగుతుంటే స్టే వైరు వదులైంది.

బిగించిన రోజు సిగ్నల్, రొద, ఎర్తు ఓంలు, చానల్ ఒక అట్టముక్క మీద తేదీతో రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. ఏటా సెప్టెంబరు మొదటి వారంలో స్టే వైర్లు బిగించి, టేపులు చూసి, ఎర్త్ పిట్‌లో నీళ్లు పోసి, బ్యాటరీకి లోడు పెట్టి, అదే అట్ట మీద కొత్త అంకెలు రాయండి.