దావా విలువ కోర్టు పరిధి దాటితే: ఎక్కడ తప్పింది, ఎలా సరిచేయాలి

జూనియర్ సివిల్ జడ్జి కోర్టు తన ఆర్థిక పరిధికి (ఎంత విలువ దావా వరకు వినొచ్చన్న హద్దుకు) మించిన దావాలో డిక్రీ (కోర్టు తుది ఆదేశం) ఇస్తే, ఆ డిక్రీ దానంతటదే చిత్తుకాగితం అయిపోదు. విశాఖలో ఓడిన కక్షిదారులు చాలామంది పొరపడేది ఇక్కడే. అభ్యంతరం ఏ దశలో లేవనెత్తారన్నదాన్ని బట్టే అంతా ఉంటుంది.

ఏ కోర్టుకు ఎంత పరిధో 1972 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ కోర్టుల చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. ఆ అంకెలు సవరణలతో మారుతూ వచ్చాయి కాబట్టి పాత ప్లెయింటు (దావా పత్రం) చూసి రాయకండి.

దాఖలు దగ్గరే ప్లెయింటు వెనక్కి వచ్చింది

కారణం దాదాపు ఎప్పుడూ విలువ కట్టే పేరాలోనే ఉంటుంది. ప్రోనోటు దావా తీసుకోండి. కోర్టు పరిధి 20 లక్షలు అనుకుందాం. అసలు 17,00,000, ఏడాదికి 12 శాతం చొప్పున రెండేళ్ల వడ్డీ 4,08,000, మొత్తం 21,08,000. అసలు మాత్రమే చూసుకుని కింది కోర్టులో వేస్తే పరిధి దాటినట్టే. దావా వేసిన రోజు వరకు అయిన వడ్డీ విలువలో కలుస్తుంది, ఆ తర్వాతది కలవదు. కేసు నడిచేకొద్దీ పెరిగిన వడ్డీతో డిక్రీ మొత్తం 20 లక్షలు దాటినా తప్పేమీ లేదు.

ఇక్కడ రెండు దారులున్నాయి. పై కోర్టుకు వెళ్లడం ఒకటి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 2 రూల్ 2 కింద 1,08,000 వదులుకుంటున్నామని ప్లెయింటులోనే స్పష్టంగా రాసి అక్కడే ఉండటం రెండోది. అలా వదులుకున్నది మళ్లీ ఎప్పటికీ అడగలేరు, ఆ సంగతి కక్షిదారుకు ముందే చెప్పండి.

అమ్మకం అగ్రిమెంటు అమలు దావాల్లో ఇంకో పొరపాటు జరుగుతుంది. ఇవ్వాల్సిన బాకీ మీద కాదు, ఒప్పుకున్న పూర్తి క్రయధనం మీదే విలువ కట్టాలి.

ప్రతివాది వైపు: విలువ తక్కువ చూపారని అనుమానం

మధురవాడ స్థలం మీద హక్కు ప్రకటన, స్వాధీనం కోరే దావా అనుకోండి. దావా వేసిన తేదీ నాటి మార్కెట్ విలువ పత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెచ్చుకోండి. ఈ రోజు ధర పనికిరాదు. అభ్యంతరం రిటన్ స్టేట్‌మెంట్‌లోనే (ప్రతివాది రాతపూర్వక జవాబు) రాసి, ఆర్డర్ 14 రూల్ 2 కింద ప్రాథమిక ఇష్యూగా (కోర్టు ముందుగా తేల్చే వివాదాంశం) తేల్చమని అడగండి. ఇష్యూలు ఖరారయ్యేలోపు అడగకపోతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 21(2) సెక్షన్ ప్రకారం అప్పీల్లో ఆ తలుపు మూసుకుపోతుంది.

పరిధి లేదని సాక్ష్యం సగం అయ్యాక బయటపడింది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఎక్కువమంది ఆర్డర్ 7 రూల్ 10 కింద ప్లెయింటు రిటర్న్ తీసుకుంటారు, అంటే సరైన కోర్టులో వేసుకోవడానికి వెనక్కి తీసుకుంటారు. అలా తీసుకుంటే కొత్త కోర్టులో అది కొత్త దావాయే, విచారణ మొదటినుంచీ జరగాలి. 2020లో ఎక్సెల్ కెరీర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. గాజువాక కోర్టులో మూడేళ్లు తిరిగి చెప్పించిన సాక్ష్యమంతా పోయినట్టే.

దీనికన్నా మేలైన దారి అదే కోడ్‌లోని 24(5) సెక్షన్. పరిధి లేని కోర్టు నుంచి కూడా దావాను బదిలీ చేయొచ్చని అది చెబుతుంది. ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జి దగ్గర బదిలీ పిటిషన్ వేసి, 24(2) కింద ఆగిన చోటు నుంచే కొనసాగించమని కోరండి. మళ్లీ విచారించాలా, కొనసాగించాలా అన్నది కొత్త కోర్టు ఇష్టం, అయినా సాక్ష్యం నిలిచే అవకాశం ఉంటుంది. రిటర్న్ ఆర్డర్ వెలువడకముందే కదలాలి.

రిటర్న్ తప్పకపోతే ప్లెయింటు మీది ఎండార్స్‌మెంట్ (జడ్జి రాసిన రాత) కోర్టు హాల్లోనే చదవండి. దాఖలు తేదీ, రిటర్న్ తేదీ, దాఖలు చేసినవారి పేరు, కారణం, ఈ నాలుగూ ఉండాలి. కాలపరిమితి చట్టం 14వ సెక్షన్ కింద పాత కోర్టులో గడిచిన కాలం మినహాయించుకోవడానికి ఇదే ఆధారం. చిత్తశుద్ధితో, శ్రద్ధగా నడిపారనీ చూపాలి. కాగితం చేతికొచ్చాక మీ దగ్గర ఊరికే ఉంచుకున్న రోజులు మాత్రం మీ లెక్కలోనే పడతాయి. కట్టిన కోర్టు ఫీజు సర్దుబాటు చేయమని కూడా అడగండి.

ఆర్డర్ 7 రూల్ 10ఏ కింద కొత్త కోర్టులో హాజరు తేదీ వేయించుకుంటే సమన్ల జాప్యం తగ్గుతుంది. కానీ అది తీసుకున్న వాది రిటర్న్ ఆర్డర్ మీద అప్పీలు చేయలేడు. ఆర్డరే తప్పనుకుంటే 10ఏ జోలికి వెళ్లకుండా 30 రోజుల్లో జిల్లా కోర్టులో అప్పీలు వేయండి.

కౌంటర్ క్లెయిమ్ పరిధి దాటింది

కౌంటర్ క్లెయిమ్ అంటే అదే కేసులో ప్రతివాది వాది మీద వేసే ఎదురు దావా. అది కోర్టు పరిధి దాటడానికి ఆర్డర్ 8 రూల్ 6ఏ ఒప్పుకోదు. పై కోర్టులో విడిగా దావా వేసి, రెండూ ఒకేచోట విచారించమని బదిలీ కోరండి.

డిక్రీ అయింది, ఈపీలో (డిక్రీ అమలు పిటిషన్) "ఇది చెల్లదు" అంటున్నారు

పరిధి లేని డిక్రీ శూన్యమనే మాటకు 1954 నాటి కిరణ్ సింగ్ తీర్పును చూపిస్తారు. అదే తీర్పు చివరిదాకా చదివితే, విలువ తప్పు కట్టడం వల్ల వచ్చిన లోపం ఒక్కటే చాలదనీ, కేసు గుణదోషాల మీద నష్టం జరిగినట్టు చూపాలనీ ఉంటుంది. 21(2) కూడా న్యాయానికి భంగం కలిగిందని చూపమంటుంది. డిక్రీదారు తన కౌంటర్‌కు (జవాబు పత్రానికి) రిటన్ స్టేట్‌మెంట్, ఇష్యూల సర్టిఫైడ్ కాపీలు జతచేసి, అభ్యంతరం అప్పట్లో ఎక్కడా లేదని చూపితే చాలావరకు వాదన అక్కడితో తెగుతుంది.