పాత సామాను ఆన్‌లైన్ వేలంలో అమ్మడం ఎలా?

వరంగల్, జనగామ, కరీంనగర్ వైపు పెంకుటిళ్లు విప్పి స్లాబు ఇళ్లు కట్టుకునేటప్పుడు ఒక పని తప్పకుండా జరుగుతుంది. సజ్జ మీది ఇత్తడి సామాను, ఆగిపోయిన చేతి గడియారాలు, తాత పెట్టెలో మిగిలిన నాణేలు, పాత రేడియో, అన్నీ ఒకేసారి దింపి పాత సామాను కొనే అతనికి వేసేస్తారు. అందులో చాలావాటికి నిజంగానే తూకం రేటే వస్తుంది. కానీ ఒకటి రెండిటి కోసం ఎక్కడో పుణెలోనో, ఇంకే దేశంలోనో ఒక మనిషి ఏళ్లుగా వెతుకుతుంటాడు. ఆ మనిషికి మీ సజ్జ కనిపించేలా చేయడమే ఆన్‌లైన్ వేలం. కొంచెం ఓపిక ఉంటే ఎవరైనా మొదలుపెట్టొచ్చు, దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు.

ముందు వేలం ఎలా నడుస్తుందో తెలుసుకోండి

వినాయకుడి లడ్డూ పాటలో అందరూ ఎదురెదురుగా నిలబడి పాడతారు. ఈబే లాంటి సైట్లలో అలా ఉండదు. కొనేవాళ్లు తాము ఎంతదాకా పెట్టగలరో ముందే సైటుకి చెప్పి వదిలేస్తారు, వాళ్ల తరఫున సైటే కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతుంది. ఒకాయన 6,000 దాకా సిద్ధంగా ఉన్నాడు, ఇంకొకాయన 2,000 దాకా అనుకుందాం. వస్తువు 6,000కి పోదు. 2,000 దాటి ఒక్క మెట్టు పైన ఆగిపోతుంది. అంటే మీ చేతికి వచ్చే రేటుని తేల్చేది గెలిచినవాడు కాదు, ఓడిపోయిన రెండోవాడు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే ఏది వేలానికి పెట్టాలో, ఏది పెట్టకూడదో సగం తెలిసిపోయినట్టే. ఈ వస్తువు గట్టిగా కావాలనుకునేవాళ్లు కనీసం ఇద్దరు ఉంటారా అని అడగండి. నిజాం కాలం స్టాంపులకి ఉంటారు, హైదరాబాద్ సంస్థానం 1869 నుంచే సొంత స్టాంపులు వేసింది కాబట్టి వాటిని పోగుచేసేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. హెచ్‌ఎంటీ గడియారాలకి, పాత ఫిల్మ్ కెమెరాలకి, 1947లో మొదలైన చందమామ తొలి సంచికలకి, గ్రామఫోన్ రికార్డులకి ఉంటారు. మిక్సీకి, స్టీలు బీరువాకి, పిల్లల సైకిల్‌కి ఉండరు, వాటిని ఓఎల్‌ఎక్స్ లాంటి చోట ఒక రేటు చెప్పి, బేరమాడి, ఊళ్లోనే అమ్ముకోవడం మేలు.

కొత్తగా చేసిన చేతిపనుల సంగతి వేరు. పెంబర్తి ఇత్తడి బొమ్మలు, చేర్యాల నకాశీ పటాలు, కొత్తవాడ దర్రీలు, కరీంనగర్ వెండి తీగపని, వీటిని ఒక్క రూపాయి నుంచి పాటకి పెట్టడం నాకు నచ్చదు. రోజుల తరబడి కూర్చుని చేసిన పనికి, ఆ వారం ఇద్దరు మనుషులు రాకపోతే ముడిసరుకు ఖర్చు కూడా రాదు. వాటికి ఖర్చు, కూలి లెక్కేసి ఒక రేటు రాసి పెట్టండి, వేలం వద్దు.

చట్టం ఏమంటుందో చూసుకోండి

తొందరలో చాలామంది దీన్ని వదిలేస్తారు, నిజానికి ముందు చేయాల్సిన పని ఇదే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం, శిల్పం, చిత్రం, లోహపు వస్తువు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతి, ఇవన్నీ పురావస్తువులే. వాటిని మనలాంటి మామూలు మనుషులు దేశం దాటించి పంపడానికి లేదు. దేశంలోపల కూడా అలాంటివాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్స్ కావాలి.

మన ఇళ్లలో ఎక్కువగా దొరికేవి చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం నాణేలు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో చనిపోయాడు, అంటే ఆయన పేరు మీద వచ్చిన నాణేలన్నీ నూరేళ్లు దాటేశాయి. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంవి మొదటివి దాటాయి, చివరివి దాటలేదు. నాణెం మీద ఉండే సంవత్సరం హిజ్రీ, 1362 అని ఉంటే అది ఇంగ్లీషు లెక్కలో 1943. ఉర్దూ అంకెలు చదవగలిగే పెద్దవాళ్లెవరికైనా చూపించి తేదీ తేల్చుకున్నాకే ముందుకెళ్లండి.

జింక కొమ్ములు, ఏనుగు దంతం, పులిగోరు అసలు ముట్టుకోవద్దు, అది వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. రద్దయిన పాత 500, 1000 నోట్లు కూడా అంతే, 2017 చట్టం ప్రకారం పదికి మించి దగ్గర ఉంచుకోవడమే నేరం, నాణేలూ నోట్లూ పోగుచేసి అధ్యయనం చేసేవాళ్లకైతే 25 దాకా.

ట్రాక్టర్ ఉన్న 5 రూపాయల నోటు గురించి

"మీ దగ్గర ఈ నోటుంటే లక్షలు" అని వాట్సాప్‌లో తిరిగే వీడియోలు నమ్మకండి. దయచేసి ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఇది కూర్చోబెట్టి చెప్పండి. ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే ముందు రిజిస్ట్రేషన్ ఫీజంటారు, తర్వాత టాక్స్ అంటారు, రిజర్వ్ బ్యాంక్ పేరుతో ఉత్తరం కూడా పంపిస్తారు. ఇలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని, ఎవరి దగ్గరా ఫీజు గానీ కమీషన్ గానీ అడగమని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. అమ్మే మనిషి ముందే ఫీజు కట్టాలని ఫోన్‌లో ఎవరన్నా అడిగితే అక్కడితో ఆపేయండి.

ఎక్కడ అమ్మాలి

మన దేశంలో కొనేవాళ్ల కోసం నడిచిన ఈబే ఇండియా సైటు 2018లో మూతపడింది. ఇప్పుడు మనవాళ్లు ఈబేలో అమ్మేది విదేశాల వాళ్లకి. దానికి పాన్ కార్డు, బ్యాంక్ ఖాతా, డబ్బు అందుకోవడానికి పేయోనీర్ ఖాతా కావాలి. ఎగుమతి కాబట్టి డీజీఎఫ్‌టీ (కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం) దగ్గర ఐఈసీ అనే ఎగుమతి-దిగుమతి నంబర్ తీసుకోవాలి, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, ఫీజు 500 రూపాయలు. కొత్తగా చేరినవాళ్లు నెలకి ఇన్ని వస్తువులే పెట్టాలని పరిమితి ఉంటుంది, అమ్ముతూ పోతే అది పెరుగుతుంది.

ఇదంతా మొదట్లోనే టెన్షన్ అనిపిస్తే ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో నడిచే నాణేల, స్టాంపుల, గడియారాల గ్రూపుల్లో మొదలుపెట్టండి. అక్కడ ఫొటో పెట్టి, మొదలు రేటు, ఎంతెంత పెంచాలి, ఏ రోజు ఎన్నింటికి ముగుస్తుంది అని రాస్తే కామెంట్లలోనే పాట నడుస్తుంది. పెట్టే ముందు కొన్నాళ్లు ఊరికే చూడండి. అడ్మిన్ గట్టిగా ఉన్న గ్రూపా, గెలిచినవాళ్లు డబ్బు కడుతున్నారా, కట్టనివాళ్లని బయటికి పంపుతున్నారా అన్నది చూస్తే తెలిసిపోతుంది. మీరు కూడా మొదట అక్కడ చిన్నది ఏదైనా కొనండి, పార్సిల్ ఎలా వచ్చిందో, ఏం నచ్చిందో, ఏం చికాకు పెట్టిందో కొనేవాడి వైపు నుంచి తెలుస్తుంది.

ఇంట్లో పాతవి అప్పుడప్పుడూ అమ్ముకోవడం ఒకటి, కొని తెచ్చి అమ్మడం ఇంకొకటి. రెండోది వ్యాపారం, దానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరమా కాదా అన్నది మొదలుపెట్టకముందే తెలిసిన అకౌంటెంట్‌ని అడిగి తేల్చుకోండి.

రేటు ఎలా తెలుస్తుంది

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి తీసుకెళ్లిన రైతుని అడగండి, జెండా పాట ఎంత పలికిందో చెప్తాడు, తన బస్తాలకి ఎంత పడిందో కూడా చెప్తాడు, రెండూ ఒకటి కావు. జెండా పాట ఆ రోజు వచ్చిన అన్నిట్లో మేలైన సరుకుది. ఆన్‌లైన్‌లో కనిపించే పెద్ద పెద్ద రేట్లు కూడా అలాంటివే. పైగా చాలావరకు అవి అమ్మేవాళ్లు అడుగుతున్న రేట్లు, ఎవరూ ఇచ్చినవి కావు. ఈబేలో వెతికేటప్పుడు అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంటుంది, అది పెట్టి చూడండి. మీ వస్తువు లాంటిదే, మీ వస్తువంత అరిగిందే ఎంతకి పోయిందో నాలుగైదు చూస్తే ఒక అంచనా వస్తుంది.

ఫొటోలు, వివరణ

అసలు కష్టమంతా ఇక్కడ పెట్టాలి. కొనేవాడు చేత్తో పట్టుకుని చూడలేడు, మీ ఫొటోలే వాడి కళ్లు.

మొదటి మాట, తోమకండి. మన ఇళ్లలో పాత ఇత్తడి, రాగి కనపడగానే చింతపండు తీసుకుంటాం. నాణేనికి ఆ పని చేస్తే దాని విలువ అక్కడే పోతుంది. ఏళ్ల మీద పట్టిన ఆ రంగునే పోగుచేసేవాళ్లు కోరుకుంటారు, మెరిపించిన నాణేన్ని చూడగానే గుర్తుపట్టి పక్కనపెడతారు. మెత్తటి బట్టతో దుమ్ము దులిపితే చాలు.

ఒక హెచ్‌ఎంటీ జనతా గడియారం ఉందనుకోండి. పొద్దున పూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, తెల్ల కాగితం మీద పెట్టండి. ఫ్లాష్ వద్దు, అద్దం మీద మెరిసి డయల్ కనపడదు. ముందు డయల్ మొత్తం, తర్వాత అక్షరాలు చదవగలిగేంత దగ్గరగా, ఆ తర్వాత ముళ్లు, కీ తిప్పే గుండీ, పక్కల గీతలు, వెనక మూత మీది నంబర్. వాచీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి వెనక మూత తీయించి లోపలి మిషన్ ఫొటో కూడా తీసుకోండి. అది ఉంటే కొనేవాళ్ల నమ్మకం మారిపోతుంది. ఎందుకంటే పాత మిషన్ మీద కొత్తగా రంగేసిన డయల్ బిగించి అమ్మేవి మార్కెట్‌లో చాలా ఉన్నాయి, పోగుచేసేవాళ్లు వాటిని ముంబై స్పెషల్ అని పిలుస్తారు, అలాంటిది కాదని వాళ్లకి తెలియాలి. మీది డయల్ మార్పించినదే అయితే ఆ మాట మొదటి వాక్యంలోనే రాయండి.

వివరణలో కథలు వద్దు. "అరుదైన, అద్భుతమైన" అన్న మాటలకి ఎవరూ పైసా ఎక్కువ పెట్టరు. ఏ కంపెనీ, ఏ మోడల్, ఎంత వెడల్పు, ఎంత బరువు, నడుస్తుందా, నడిస్తే రోజుకి ఎన్ని నిమిషాలు ముందుకో వెనక్కో పోతుంది, ఎక్కడ గీత ఉంది, ఎక్కడ మాటు వేసి ఉంది, అన్నీ రాయండి. సొట్ట ఉంటే పక్కన ఒక వేలు పెట్టి చూపిస్తూ ఫొటో తీయండి. లోపం చెప్తే రేటు పడిపోతుందేమో అన్న భయం అందరికీ ఉంటుంది. జరిగేది వేరు, లోపాలు తెలియనప్పుడు కొనేవాడు లేనివి కూడా ఊహించుకుని తక్కువకి ఆగిపోతాడు. అన్నీ తెలిసిన ఆ రెండో మనిషే ధైర్యంగా ఇంకో మెట్టు ఎక్కుతాడు.

ఈబేలో శీర్షికకి 80 అక్షరాలే ఉంటాయి, అందులో కంపెనీ పేరు, మోడల్, కాలం, వెతికేవాళ్లు వాడే మాటలు పెట్టండి.

మొదలు రేటు, ముగింపు టైమ్

తక్కువ నుంచి మొదలుపెడితే ఎక్కువమంది వస్తారు, నిజమే, కానీ అది అడిగేవాళ్లు బాగా ఉన్న వస్తువుకే. అనుమానం ఉంటే, ఇంతకన్నా తక్కువకి పోతే నాకు బాధ అనిపించే మొత్తం ఏదో అదే మొదలు రేటుగా పెట్టుకోండి. ఏడు రోజుల వేలం మామూలుగా సరిపోతుంది. ముగింపు ఆదివారం రాత్రి తొమ్మిదికి ఉంటే మనవాళ్లు ఖాళీగా ఉంటారు. అమెరికావాళ్లకైతే వాళ్ల ఆదివారం రాత్రి చూసుకోవాలి, అది మనకి సోమవారం పొద్దున.

మొదటి ఐదు రోజులు ఒక్క పాట కూడా రాకపోవచ్చు. కంగారుపడి ఆపేయకండి, తెలిసినవాళ్లు చివరి నిమిషంలోనే పాడతారు. రేటు పెంచడానికి బావమరిదితోనో, ఫ్రెండ్‌తోనో పాడించడం మాత్రం అస్సలు వద్దు. అది అవతలివాళ్ల జేబులో చేయి పెట్టడమే, దొరికితే సైట్లు ఖాతా మూసేస్తాయి కూడా.

పార్సిల్, పైసలు

వస్తువు పెట్టకముందే ప్యాక్ చేసినట్టుగా తూకం వేసి పోస్టేజీ కనుక్కోండి. ఇత్తడి సామానుకైతే ఒక్కోసారి వస్తువు కన్నా పోస్టేజీ ఎక్కువవుతుంది. ఈబే ఫీజు కూడా పోస్టేజీ కలిపిన మొత్తం మీద లెక్కగడతారు. బబుల్ ర్యాప్ చుట్టి చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని పెద్ద డబ్బాలో పెట్టి, మధ్య ఖాళీ అంతా కాగితంతో కూరండి. ఊపితే చప్పుడు రాకూడదు. మూసేదాకా ఫోన్‌లో వీడియో తీసుకోండి. హన్మకొండ హెడ్ పోస్టాఫీసు లాంటి చోట స్పీడ్ పోస్ట్ చేసి ట్రాకింగ్ నంబర్ వెంటనే కొన్నవాళ్లకి పంపండి. విదేశాలకైతే కస్టమ్స్ ఫారంలో అసలు రేటే రాయాలి, తగ్గించి రాయమని కొన్నవాళ్లు అడిగినా ఒప్పుకోకండి. అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు తీసేసింది, కాబట్టి అక్కడికి పంపే ముందు సుంకం ఎంత పడుతుంది, ఎవరు కట్టాలి అన్నది తేల్చుకుని ఆ సంగతి వివరణలో రాయండి.

డబ్బు ఖాతాలో పడ్డాకే పార్సిల్ కదలాలి. స్క్రీన్‌షాట్ చూసి పంపకండి, బ్యాంక్ యాప్ తెరిచి చూడండి. డబ్బు పంపిస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవరన్నా అన్నారంటే అది మోసమే, మనకి డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. డబ్బు పోయిందని తెలిస్తే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

గెలిచిన మనిషి డబ్బు కట్టకపోతే గొడవ పెట్టుకోవద్దు. ఈబేలో నాలుగు రోజులు చూసి ఆర్డర్ రద్దు చేయొచ్చు, గ్రూపుల్లో అయితే అడ్మిన్‌కి చెప్పి రెండో స్థానంలో ఉన్నవాళ్లని అడగండి, చాలాసార్లు సంతోషంగా తీసుకుంటారు. ఎవరూ పాడకపోతే అదే పేజీని మళ్లీ అలాగే పెట్టకండి, మొదటి ఫొటో మార్చి, మొదలు రేటు కొంచెం దించి, ఒక నెల ఆగి పెట్టండి.