సరుకు దించేముందే గడువు రాయించుకోండి

కొత్తగా పచ్చళ్లో, కారప్పొడులో తయారుచేసి షాపులకు వేస్తున్నవాళ్లకు ఒక మాట. మొదటి నెలల్లో ఆర్డర్లు దొరకడం కంటే, వేసిన సరుకుకు డబ్బు రాబట్టుకోవడమే పెద్ద టెన్షన్. "వచ్చే వారం చూద్దాం లెండి" అన్న మాట మీద పెట్టె దించకండి. బిల్లు మీదే "చెల్లింపు గడువు 30 రోజులు" అని రాసి, షాపు ముద్ర, సంతకం తీసుకోండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) కింద ప్రభుత్వం దగ్గర నమోదు, ముందే చేసుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఏజెంటుకు డబ్బు కట్టక్కర్లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న తయారీదారుల దగ్గర కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. మీ ఉద్యమ్ నంబరు బిల్లు మీద అచ్చు వేయించండి, అడగడానికి మొహమాటం తగ్గుతుంది.

జీఎస్టీలో ఉంటే మరింత జాగ్రత్త. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు, షాపు నుంచి పైసా రాకపోయినా, బిల్లు కొట్టిన మరుసటి నెల 20లోగా పన్ను కట్టాల్సిందే. అందుకే పాత బాకీలో కనీసం సగం చేతికొచ్చాకే కొత్త సరుకు పంపండి.