కొత్త బ్యాటరీ చేతికొచ్చాక, కంపెనీ వెనక్కి పిలిచిన పాతదాన్ని ఏం చేయాలి?

మంటలు రేగే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిన ల్యాప్‌టాప్ బ్యాటరీకి బదులుగా కొత్తది ఇంటికి చేరగానే చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. పాతది ఇంకా రెండు గంటలు ఛార్జి నిలుపుతోంది, పైన చిన్న గీత కూడా లేదు, తిరిగి పంపమని కంపెనీ వెంటపడటమూ లేదు; అటువంటప్పుడు దాన్ని అదనంగా దాచుకుంటే తప్పేమిటి? విశాఖపట్నంలో ఈ ఆలోచనకు బలం ఇంకాస్త ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక కరెంటు కోసం రోజుల తరబడి ఎదురుచూసిన ఊరు ఇది. ఇంట్లో ఒక బ్యాటరీ ఎక్కువ ఉంటే ఎప్పటికైనా పనికొస్తుందని ఇక్కడివాళ్లు అనుకోవడం సహజమే.

అయినా ఆ బ్యాటరీని ఇచ్చెయ్యాలి. కంపెనీ అడిగితే కంపెనీకి, అడగకపోతే బ్యాటరీలను సేకరించే అధీకృత కేంద్రానికి ఇవ్వాలి. ఒకటి కొని రెండు ఉంచుకోవడం న్యాయమా అన్న ప్రశ్న కూడా ఉంది గానీ, నా దృష్టిలో అది చిన్న విషయం. అసలు విషయం ఏమిటంటే, బాగానే పనిచేస్తోంది కదా అన్న మాట ఈ రకం లోపం విషయంలో దేనికీ రుజువు కాదు.

2006 ఆగస్టులో డెల్ కంపెనీ సుమారు 41 లక్షల బ్యాటరీలను, అదే నెలలో ఆపిల్ సుమారు 18 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచాయి. రెండింటిలోనూ ఉన్నవి సోనీ తయారుచేసిన సెల్‌లే. తయారీ సమయంలో కంటికి కనిపించని లోహపు రేణువులు సెల్ లోపల చిక్కుకుపోవడం దానికి కారణం. పాత తరహా ల్యాప్‌టాప్ బ్యాటరీని విప్పితే లోపల 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గుండ్రటి సెల్‌లు వరుసగా ఉంటాయి. ఒక్కో సెల్‌లో ధన, రుణ పలకలను చాపలా చుట్టి, అవి ఒకదానికొకటి తగలకుండా మధ్యలో తలవెంట్రుక కంటే పలుచని ప్లాస్టిక్ పొరను ఉంచుతారు. ఛార్జి ఎక్కినప్పుడు పలకలు కొద్దిగా ఉబ్బుతాయి, దిగినప్పుడు తగ్గుతాయి. ఈ ఉబ్బడం, తగ్గడం వందలసార్లు జరిగేటప్పటికి మధ్యలో చిక్కిన రేణువు ఆ పొరను చీల్చుకుని అవతలికి చేరవచ్చు. అప్పుడు లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఒక సెల్‌లో పుట్టిన వేడి పక్క సెల్‌కు పాకి, మొత్తం బ్యాటరీ మండిపోతుంది. ఆ రేణువు పొరను దాటే క్షణం వరకు బ్యాటరీ నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది. ఇన్నాళ్లూ ఏమీ కాలేదంటే ఆ క్షణం ఇంకా రాలేదని మాత్రమే అర్థం.

వాడకుండా అలమరలో పెట్టుకుంటే ప్రమాదం ఉండదనుకోవడం కూడా సరికాదు. 11.1 వోల్టులు, 4400 మిల్లీ ఆంపియర్ అవర్లు అని రాసి ఉన్న మామూలు ఆరు సెల్‌ల బ్యాటరీ నిండా ఛార్జితో ఉంటే అందులో సుమారు 49 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. సెల్ లోపల షార్ట్ అయితే ఆ శక్తి బయటికి రాకుండా ఆపే స్విచ్ ఏదీ ఉండదు. దానికి తోడు మన ఊరి ఎండ, ఉక్కపోత, ఉప్పుగాలి ఉండనే ఉన్నాయి. బీచ్ రోడ్డుకు దగ్గరగా ఉండేవారి ఇళ్లలో రాగి, ఇత్తడి వస్తువులు ఎంత త్వరగా పచ్చబడతాయో తెలిసినవారికి, బ్యాటరీ కొనల మీద ఆ గాలి ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు.

ముందుగా చేయవలసింది బ్యాటరీ సీరియల్ నంబరును సరిచూసుకోవడం. ల్యాప్‌టాప్ నంబరు వేరు, బ్యాటరీ నంబరు వేరు. విడిగా ఊడివచ్చే బ్యాటరీ అయితే కరెంటు తీగ పీకి, ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, బోర్లించి, రెండు గొళ్లేలను పక్కకు జరిపితే అది చేతిలోకి వస్తుంది. బార్‌కోడ్ కింద సన్నని అక్షరాలలో నంబరు ఉంటుంది. ఆ చీటీని ఫోనుతో స్పష్టంగా ఫొటో తీసి ఉంచుకోండి. బ్యాటరీ చేయి దాటిపోయాక అది మీ దగ్గర ఉండేదని చెప్పే ఆధారం ఆ ఫొటోయే. కంపెనీ పేరుతో వచ్చిన సందేశంలోని లింకును నొక్కకుండా, కంపెనీ వెబ్‌సైటును మీరే తెరిచి నంబరు కొట్టి చూడండి. వెనక్కి పిలిచిన బ్యాటరీకి డబ్బు కట్టమని గానీ, ఓటీపీ చెప్పమని గానీ ఎవరైనా అడిగితే అది మోసమే.

లోపల అతికించిన బ్యాటరీల సంగతి వేరు. 2019 జూన్‌లో ఆపిల్ వెనక్కి పిలిచినవి 2015 నాటి 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో యంత్రాలు. ప్రధానంగా 2015 సెప్టెంబరు నుంచి 2017 ఫిబ్రవరి మధ్య అమ్ముడైనవి. వాటిలో బ్యాటరీని జిగురుతో అతికించి ఉంచుతారు కనుక ఇంట్లో విప్పడానికి ప్రయత్నించడం ప్రమాదకరం. అటువంటి యంత్రాన్ని అధీకృత సర్వీస్ సెంటర్‌కే ఇవ్వాలి, ఇచ్చే ముందు ఫైళ్లన్నీ వేరే చోట దాచుకోవాలి. పాత బ్యాటరీ అక్కడే ఉండిపోతుంది కాబట్టి ఉంచుకోవాలా వద్దా అన్న ప్రశ్నే రాదు. మిగతా మాటలన్నీ ఊడివచ్చే బ్యాటరీల గురించే.

వెనక్కి పిలిచిన జాబితాలో మీ బ్యాటరీ ఉందని తెలిసిన నిమిషం నుంచే దాన్ని వాడటం మానేయాలి. కొత్తది వచ్చేదాకా బ్యాటరీ తీసేసి, నేరుగా కరెంటు మీద ల్యాప్‌టాప్ నడుపుకోవచ్చు. కరెంటు పోతే చేస్తున్న పని పోతుందన్న ఇబ్బంది ఒక్కటే ఉంటుంది. ఛార్జి దించి పంపుదామన్న ఉద్దేశంతో దాన్ని మళ్లీ తగిలించి వాడవద్దు. ఉప్పునీటిలో నానబెడితే ఛార్జి దిగిపోతుందని యూట్యూబులో చూసి ప్రయత్నించేవారున్నారు. ఉప్పునీరు కొనలను తినేస్తుంది, లోపలి సెల్‌లలో ఎంత ఛార్జి మిగిలిందో ఎవరికీ తెలియకుండా పోతుంది. ఎదురుగానే సముద్రం ఉంది కదా, విసిరేస్తే సరిపోతుందన్న సలహా కూడా మన ఊళ్లో వినిపించకపోదు. దానికి జవాబు అనవసరం.

తీసిన బ్యాటరీ లోహపు కొనలు బయటికి కనిపించకుండా, ఎలక్ట్రీషియన్లు వాడే నల్ల టేపును వాటి మీద అంటించండి. తర్వాత ఒక్కో బ్యాటరీని విడిగా ప్లాస్టిక్ కవరులో పెట్టి, చుట్టూ మండే వస్తువు ఏదీ లేని గచ్చు నేల మీద, నీడపట్టున ఉంచండి. వంటగదిలో గ్యాస్ పొయ్యి పక్కన, పూజగదిలో దీపం ఉండే చోట, బట్టల బీరువాలో, ఎండపడే బాల్కనీలో, ఎండలో నిలిపిన కారులో పెట్టకూడదు. పొడి ఇసుక పోసిన మట్టికుండలో ఉంచితే మరీ మంచిది. అయితే ఆ ఇసుకను ఆర్కే బీచ్ నుంచి తేవద్దు: అందులో ఉప్పు, తేమ ఉంటాయి, రెండూ కలిస్తే విద్యుత్తు ప్రవహిస్తుంది. ఇల్లు కట్టేచోట దొరికే ఏటి ఇసుకను బాగా ఎండబెట్టి వాడుకోవచ్చు.

తిరిగి పంపేటప్పుడు కంపెనీ ఇచ్చిన పెట్టెనే, అందులోని సూచనల ప్రకారమే వాడాలి. లిథియం అయాన్ బ్యాటరీలు రవాణా నిబంధనల ప్రకారం తొమ్మిదో తరగతి ప్రమాదకర వస్తువులు. భద్రతా లోపం కారణంగా వెనక్కి పిలిచిన బ్యాటరీలను విమానంలో సరుకుగా పంపడం నిషేధం. కనుక ‘పుస్తకాలు’ అనో ‘ఎలక్ట్రానిక్ సామాను’ అనో రాసి మామూలు కొరియర్‌కు ఇవ్వడం చట్టరీత్యానే కాదు, ఆ సంచులు మోసే మనిషి పట్ల కూడా తప్పు. హైదరాబాద్ ఎలాగూ వెళుతున్నాను, అక్కడ ఇచ్చేస్తానని చేతిసంచిలో వేసుకుని విమానం ఎక్కడం కూడా పనికిరాదు. పైన చెప్పిన మ్యాక్‌బుక్‌ల విషయంలో 2019 ఆగస్టులో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, బ్యాటరీ సంగతి తేలేదాకా వాటిని విమానంలోకి తీసుకురావద్దని ప్రయాణికులను కోరింది.

విశాఖలోనే ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఉంటే నేరుగా వెళ్లి ఇవ్వడమే తేలిక. వెళ్లే ముందు ఫోన్ చేసి, వెనక్కి పిలిచిన బ్యాటరీని తీసుకుంటారో లేదో కనుక్కోండి. అక్కడ పెట్టి వెళ్లండి, చూస్తాం అనే మాటతో తిరిగి రావద్దు. బ్యాటరీ సీరియల్ నంబరు, తేదీ, తీసుకున్నవారి సంతకం ఉన్న రసీదు అడగండి. గడువులోగా పాతది తిరిగి రాకపోతే కొత్తదాని ఖరీదు వసూలు చేస్తామన్న షరతు మీకు వచ్చిన కాగితాలలో ఉంటే, ఆ రసీదే మీకు రక్ష.

కంపెనీ జవాబివ్వకపోతే మెయిల్ రాసి, దాని నకలు ఉంచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2001 నాటి నిబంధనల స్థానంలో వచ్చిన 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, వాడి పారేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు చేర్చే బాధ్యత ఉత్పత్తిదారులదే. వాటిని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా అప్పగించడం వినియోగదారుడి బాధ్యత.

కొన్ని కంపెనీలు పాతదాన్ని తిరిగి పంపనక్కరలేదు, మీ ఊళ్లోనే వదిలించుకోండి అని రాస్తాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. పంపనక్కరలేదన్నారంటే ఉంచుకోమన్నట్టు కాదు. రవాణా ఖర్చు, ప్రమాదం తప్పించుకుంటున్నారంతే. అప్పుడు కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన రీసైక్లర్‌కు గానీ, వారి సేకరణ కేంద్రానికి గానీ ఇవ్వాలి. ఇది కంపెనీ వెనక్కి పిలిచిన బ్యాటరీ అని నోటితో చెప్పి, పెట్టె మీద కూడా రాయండి; తెలిస్తేనే వాళ్లు మిగతావాటితో కలపకుండా వేరుగా ఉంచుతారు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) చెత్త బండిలో మాత్రం వేయకూడదు. బండిలో చెత్తను నొక్కేటప్పుడు బ్యాటరీ నలిగితే అక్కడే అంటుకోవచ్చు. అక్కడ తప్పినా కాపులుప్పాడ చెత్త యార్డులో కాగితాల మధ్య, ప్లాస్టిక్ మధ్య పడి ఉంటుంది.

వీధిలోకి వచ్చే పాత సామాన్లవాడికి ఇవ్వడం కూడా అంతే. ‘ఎంతో కొంత ఇస్తానమ్మా’ అని అతను తీసుకుంటాడు, అందులో ఏముందో అతనికి తెలియదు. అక్కడి నుంచి అది ఎవరి చేతుల్లోకి వెళుతుందో మీకు తెలియదు. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వంటి చోట్ల మరమ్మతు దుకాణాలలో పాత బ్యాటరీలను విప్పి, పనికొచ్చే సెల్‌లను ఏరి, వాటితో పవర్‌బ్యాంకులు చేసే నేర్పరులు దొరుకుతారు. వారి చేతిపనిని నేను తక్కువ చేయను. కానీ లోపం ఉన్నది సెల్‌లోనే అయినప్పుడు, పైడబ్బా మార్చినా లోపం దానితోపాటే వెళుతుంది. మీటరుతో కొలిస్తే వోల్టేజి సరిగ్గానే చూపిస్తుంది. లోపలి రేణువు మీటరుకు అందదు.

ఉబ్బిన, తీపి వాసన వేస్తున్న, లేక తాకితే వెచ్చగా ఉన్న బ్యాటరీని పెట్టెలో పెట్టి ఎక్కడికీ పంపవద్దు. దాన్ని నొక్కకుండా, గుచ్చకుండా ఆరుబయట గచ్చు మీదికి చేర్చి, సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి పరిస్థితి చెప్పండి. పొగ మొదలైతే దాని దగ్గరకు వెళ్లకండి, ఆ పొగ విషపూరితం. అందరినీ బయటికి పంపి 101కు ఫోన్ చేయండి.

కొత్త బ్యాటరీ పెట్టె మీది చీటీని పారేయకుండా, దాని సీరియల్ నంబరును పాతదాని రసీదుతో కలిపి ఒకచోట ఉంచండి. వెనక్కి పిలిచే జాబితాలు పెరుగుతూ ఉంటాయి. 2016 జూన్‌లో హెచ్‌పీ అమెరికాలో సుమారు 41 వేల బ్యాటరీలను పిలిచి, 2017 జనవరిలో మరో లక్షా ఒక వెయ్యి బ్యాటరీలను అందులో చేర్చింది; మొదటిసారి ‘మీది జాబితాలో లేదు’ అని సమాధానం అందుకున్నవారు కూడా నంబరు మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది. ల్యాప్‌టాప్‌ను ఎప్పుడైనా అమ్మితే ఆ చీటీ, రసీదు కొన్నవారికి ఇవ్వండి. నంబరు ఎక్కడ సరిచూసుకోవాలో కూడా చెప్పండి.