డాబా మీద బాదువాన్‌జిన్

ముప్పై ఏళ్లు కుట్టు మిషన్ ముందు వంగిన మెడ నాది. అందుకే పొద్దున్నే డాబా ఎక్కి బాదువాన్‌జిన్ చేస్తాను. చైనా వాళ్ల పాత వ్యాయామం. పేరుకు అర్థం ఎనిమిది జరీపట్టు ముక్కలని. బట్టల మనిషిని కదా, ఆ పేరే నన్ను పట్టేసింది! ఎనిమిది కదలికలకూ పావుగంట చాలు.

మొదటిది బాగా నేర్చుకోండి. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త సడలించండి. పొట్ట కింద వేళ్లు పెనవేయండి, అరచేతులు పైకి చూడాలి. గాలి పీలుస్తూ ఛాతీ దాకా తెచ్చి, అక్కడ అరచేతులు తిప్పి, ఆకాశాన్ని మోస్తున్నట్టు పైకి నెట్టండి. చూపు చేతుల వెంటే పోవాలి. గడ్డం దించి ఒక్క క్షణం ఆగండి. గాలి వదులుతూ చేతులు విడదీసి, పక్కల నుంచి దించుతూ మోకాళ్లు వంచండి. ఇలా ఆరుసార్లు.

నేను మొదటి వారం భుజాలు చెవుల దాకా ఎగబట్టి నొప్పి పెంచుకున్నాను. భుజాలు వదులుగా ఉండాలి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టకండి, తల తిరిగితే ఆపేయండి.

మధ్యవి ఒక్కొక్కటే కలుపుకోండి. చివరి దాంట్లో మడమలెత్తి ఏడుసార్లు నేలకు దించాలి. నేను మెల్లగానే దించుతాను, కింద గదిలో కోడలు ఇంకా నిద్రలోనే ఉంటుంది.